సౌలు కన్నీరు, సౌలు ఈటె

ధ్యాన భాగము: 1 సమూయేలు 18వ అధ్యాయము నుండి 27వ అధ్యాయము వరకు



మన సంఘములలో అందరికిని తెలిసియు ఎవరును నోరు విప్పని పాపము ఒకటి ఉన్నది. దొంగతనము జరిగినయెడల పెద్దలు కూడుదురు. వ్యభిచారము బయటపడినయెడల ప్రభువు బల్లకు దూరపరతురు. అయితే ఒక సహోదరుడు శనివారము రాత్రి భార్యను కొట్టి, ఆదివారము ఉదయమున తెల్లని బట్టలు కట్టుకొని మందిరములో కూర్చుండినయెడల, అది వారి ఇంటి సంగతి అని ఊరకుందుము. ఆమె కొంగు నిండుగా కప్పుకొని స్త్రీల వరుసలో కూర్చుండును. ప్రక్కనున్న సహోదరికి తెలియును. పాట ఎత్తిన పెద్దకును తెలియును. ఆరాధన ముగియును, అందరును ఇండ్లకు పోవుదురు. ఆమెయు ఆ ఇంటికే పోవును.

ఇది ఎక్కడనో ఒకటి రెండు ఇండ్ల సంగతి కాదు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏండ్లలోపు వివాహిత స్త్రీలను భర్త చేతి హింసను గూర్చి అడిగిరి. అట్టి హింసను అనుభవించితిమని ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది చెప్పిరి. అదే సర్వేలో మరియొక ప్రశ్న అడిగిరి. చెప్పకుండ బయటికి పోయినందుకో, ఎదురు మాటాడినందుకో, వంట సరిగా చేయనందుకో, ఇట్టి ఏదో ఒక కారణమునకు భర్త భార్యను కొట్టుట న్యాయమేనని ఒప్పుకొనిన స్త్రీలు ఈ రెండు రాష్ట్రములలోను నూటికి 80 మందికి మించియున్నారు. దెబ్బలు తినువారే దెబ్బలు న్యాయమని నమ్మునట్లు వారికి నేర్పినది ఎవరు? ఆ నేర్పిన నోళ్లలో సంఘము నోరు కూడ ఉన్నదా అని మనము పరీక్షించుకొనవలెను.

పెండ్లినాడు దేవుని యెదుట చేయిపట్టుకొనిన భార్యను ఒక మనుష్యుడు ఎందుకు కొట్టును? కొట్టి ఏడ్చినవాడు మరల ఎందుకు కొట్టును? ఆమె ఆ ఇంటనే ఎందుకు ఉండును? మనస్తత్వశాస్త్రము చదివినవారు గత యాభై ఏండ్లుగా ఈ ప్రశ్నలను విశేషముగా పరిశోధించుచున్నారు. వారి మాట వేదవాక్యము కాదు. అయినను వైద్యుడు జ్వరమునకు కారణము చెప్పినప్పుడు విని మందు పుచ్చుకొందుము గదా. ఆలాగుననే వీరు కనుగొనిన వాటిని వేదపు వెలుగులో పెట్టి చూతము. ఇందుకు సౌలు రాజు ఇల్లు మనకు పాఠము. సౌలు కొట్టబోయినది భార్యను కాదు. తరువాత తనకు అల్లుడైన దావీదును. అయినను బలముగలవాడు తన యింటిలో ఉన్నవానిని ఎట్లు హింసించునో, మరల ఎట్లు కన్నీరు కార్చునో ఇంత వివరముగా చెప్పిన భాగము వేదములో అరుదు.

ఆ కోపము ఎక్కడ పుట్టెను?

సౌలు మొదట దావీదును బహుగా ప్రేమించెను. తన మనస్సు కలతపడినప్పుడు ఆ పిల్లవాడు సితారా వాయింపగా నెమ్మది పొందెడివాడు. తరువాత స్త్రీలు పాడిన పాటలో దావీదునకు తనకంటె ఎక్కువ ఘనత వచ్చుట విని అసూయపడెను. ఆ దినము మొదలు అతని చూపు మారెను. మరునాడే, తన్ను నెమ్మదిపరచుటకు వాయించుచున్న వానిమీదనే ఈటె విసిరెను.

ఇట్టి కోపమునకు శాస్త్రజ్ఞులు చెప్పిన కారణములు కొన్ని చూతము.

1939వ సంవత్సరములో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జాన్ డొలార్డ్ అను ఆయన తన సహచరులతో కలిసి ఒక మాట చెప్పెను. కోరినది అందక అడ్డగింపబడిన మనుష్యునిలో కోపము పుట్టును; అడ్డగించినవానిమీద దానిని చూపలేనప్పుడు, అది బలహీనునిమీదికి మళ్లును. మన పెద్దలు దీనినే అత్తమీది కోపము దుత్తమీద చూపుట అనిరి. పంట ఎండిపోయినది. అప్పులవాడు నలుగురిలో నిలదీసెను. అతనిని ఒక్క మాటయు అనలేక, ఇంటికి వచ్చి కూరలో ఉప్పు లేదని కంచము విసరును. ఇది మనము ఎరిగినదే. అయితే ఆ పంట ప్రక్క చేనువానికిని ఎండినది. వాడు చేయి ఎత్తలేదు. కాబట్టి కష్టము ఒక్కటే కారణమని చెప్పలేము.

1961వ సంవత్సరములో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బందూరా అను శాస్త్రజ్ఞుడు 72 మంది చిన్నపిల్లలతో ఒక పరీక్ష చేసెను. పెద్దవారొకరు గాలి నింపిన పెద్ద బొమ్మను గుద్దుచు, కొయ్య సుత్తితో మోదుచు, తిట్టుచుండగా కొందరు పిల్లలకు చూపించెను. తరువాత ఆ పిల్లలను అట్టి బొమ్మ ఉన్న గదిలో విడిచినప్పుడు, చూచిన పిల్లలు చూచినట్లే కొట్టిరి, విన్న మాటలే పలికిరి. 1965లో ఆయన మరియొక సంగతి చూపెను. కొట్టిన పెద్దవానికి శిక్ష పడుట చూచిన పిల్లలు తక్కువగా కొట్టిరి. కాని కొట్టి చూపినవారికి బహుమానమిత్తుమనగానే వారును అంతే చక్కగా చేసి చూపిరి. అనగా పాఠము లోపల నిలిచియే ఉన్నది. తండ్రి తల్లిని కొట్టుచుండగా గడప చాటున నిలిచి చూచు పిల్లవాడు ఏమి నేర్చుకొనుచున్నాడో ఆలోచించుడి. ఆ ఆడపిల్ల ఏమి నేర్చుకొనుచున్నదో కూడ ఆలోచించుడి. అట్టి ఇంట పెరిగినవారందరు అట్లే అగుదురని కాదు; అనేకులు ఆ ఇంటిని చూచియే, నేను చేయి ఎత్తను అని తీర్మానించుకొనిరి.

మరికొందరు ఇంకను లోతుగా త్రవ్విరి. పసితనమున తల్లిదండ్రుల చెంత నిలుకడైన ఆదరణ దొరకని బిడ్డకు విడిచిపెట్టబడుదునేమో అను భయము మనస్సులో నాటుకొనునని ఇంగ్లాండు దేశపు వైద్యుడు జాన్ బౌల్బీ బోధించెను. కెనడా దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు డోనాల్డ్ డట్టన్ భార్యలను కొట్టు పురుషులతో అనేక ఏండ్లు పనిచేసి, వారిలో అనేకులు ఈ భయముచేతను, చిన్ననాట పడిన అవమానముచేతను పీడింపబడుచున్నారని వ్రాసెను. భార్య పుట్టింటికి పోయినను అనుమానము, బజారున ఎవరితోనైనను మాటాడినను అనుమానము. ఎక్కడ పోగొట్టుకొందునో అను భయమును ఆ పురుషుడు పిడికిలిగా మార్చుకొనును. సౌలును చూడుడి. రాజ్యము తన చేతినుండి పోవుచున్నదని అతడు భయపడెను. ఆ భయమును దేవుని యెదుట ఒప్పుకొనక ఈటెను పట్టుకొనెను.

ఇక మద్యపానము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరములు దిద్దుకొనుచున్న పేద స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. సారా తమ ఇండ్లను కూల్చుచున్నదని ఆ తల్లులు చెప్పిన సాక్ష్యము సత్యము. మద్యము మనస్సునకున్న పగ్గమును తెంచునని శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. అయితే త్రాగని ఇండ్లలోను దెబ్బలున్నవి. త్రాగియు చేయి ఎత్తనివారును ఉన్నారు.

కారణము వేరు, సాకు వేరు

ప్రియులారా, పైన చెప్పిన కారణములను కొట్టు సహోదరుడు విని, నేనేమి చేయుదును, నా పెంపకము అట్టిది, నా కష్టములు అట్టివి, కోపము వచ్చినప్పుడు నాకు ఒడలు తెలియదు అని అనవచ్చును. అతడు ఒక సంగతి ఆలోచింపవలెను. గొల్యాతు నలువది దినములు ఉదయమును సాయంత్రమును వచ్చి ఇశ్రాయేలును అవమానించెను. అప్పుడు సౌలు ఏమి చేసెను? బహుగా భయపడెను. అతని ఈటె కదలలేదు. ఆ ఈటె ఎగిరినది ఇంటిలో, చేతిలో సితారా తప్ప మరేమియు లేని పిల్లవాని మీదికి.

సహోదరుడా, నీకు కోపము వచ్చినప్పుడు ఒడలు తెలియకపోయినయెడల పోలీసువానిని ఎందుకు కొట్టలేదు? అప్పిచ్చిన ఆసామిని ఎందుకు కొట్టలేదు? త్రాగి తూలుచు ఊరంతయు దాటి, ఎవరిమీదను చేయి వేయక, నీ ఇంటి తలుపు తట్టితివి. ఎవరిని కొట్టవచ్చునో, ఎవరిని కొట్టరాదో నీకు ఆ నిషాలోను తెలిసియే ఉన్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో డులూత్ అను పట్టణమున్నది. 1980 తరువాతి ఏండ్లలో అక్కడ దెబ్బలు తిన్న స్త్రీల మాటలను ఓపికగా విని, ఈ హింసకు వెనుక ఏలుబడి చేయు కోరిక ఉన్నదని కొందరు చూపిరి. దెబ్బ ఒక్కటే కాదు; బెదిరింపు, డబ్బు బిగబట్టుట, బంధువులకు దూరపరచుట, పిల్లలను అడ్డుపెట్టుట, ఇవన్నియు ఒక బండి చక్రపు ఆకులవలె కలిసి తిరుగుచుండునని బొమ్మ గీసి చూపిరి. మూలము మనస్సులోని గాయమా, అధికారపు ఆశయా అని ఈ పండితులు ఇప్పటికిని వాదించుకొనుచున్నారు. వేదము రెండిటిని ఎరుగును. సౌలు మనస్సులో గాయము ఉండెను, దురాత్మ పీడయు ఉండెను. అయినను ప్రవక్తయైన సమూయేలు సౌలును బాధ్యతనుండి తప్పించలేదు. రోగము తెలిసికొనుట మందు వేయుటకే గాని పాపమును కప్పిపెట్టుటకు కాదు.

కన్నీటి దినములు

ఇప్పుడు సంఘపెద్దలు ముఖ్యముగా గమనింపవలసిన సంగతికి వచ్చుచున్నాను. 1979లో లెనోర్ వాకర్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞురాలు, దెబ్బలు తిన్న అనేకమంది స్త్రీలతో మాటాడి ఒక పుస్తకము ప్రచురించెను. ఈ హింస మూడు దశలుగా తిరుగుచుండునని ఆమె చెప్పెను. మొదటిది, మబ్బు పట్టుట. భర్త ప్రతిదానికి చిరాకుపడును. భార్య పిల్లలను అరవనియ్యక, అడుగు చప్పుడు కానియ్యక, అతని మనస్సెరిగి నడుచుకొనును. రెండవది, పిడుగు పడుట. మూడవది, వాన వెలిసిన తరువాతి తేట. అతడు ఏడ్చును, కాళ్లు పట్టుకొనును, చీర తెచ్చును, పిల్లలమీద ఒట్టు పెట్టుకొనును, ఆదివారము అందరికంటె ముందు మందిరమునకు వచ్చును. ఆమె నమ్మును. కొన్నాళ్లకు మరల మబ్బు పట్టును. అన్ని ఇండ్లలోను ఈ మూడు దశలు కనబడవని, కొన్ని ఇండ్లలో కన్నీటి దశయే ఉండదని తరువాత పరిశోధించినవారు చెప్పిరి. అది నిజమే. అయినను ఈ త్రోవ మన ఊళ్లకు క్రొత్త కాదు.

సౌలు కథ ఈ త్రోవనే నడచెను. ఈటె విసిరెను. తరువాత దావీదును చంపనని దేవుని తోడని ఒట్టు పెట్టుకొనెను. మరల ఈటె విసిరెను. ఏన్గెదీ గుహయొద్ద ఎలుగెత్తి ఏడ్చెను. నీవు నాకంటె నీతిమంతుడవని దావీదుతో అనెను. తరువాత మూడు వేలమందిని వెంటబెట్టుకొని జీఫు అరణ్యములో అతనిని మరల తరిమెను. అక్కడ మరల, నేను పాపము చేసితిని, తిరిగి రమ్మని పిలిచెను.

ఆ కన్నీరు దొంగ కన్నీరని నేను అనను. ఏడ్చిన గడియలో సౌలు నిజముగానే ఏడ్చియుండును. అయితే దుఃఖము రెండు విధములని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయములో బోధించెను. ఒక దుఃఖము మనుష్యుని మార్చును. మరియొక దుఃఖము అతనిని అట్లే చావునకు అప్పగించును. భార్య వెళ్లిపోవునేమో, ఊరిలో పరువు పోవునేమో, వండిపెట్టువారు ఎవరని ఏడ్చువాని కన్నీరు తన కొరకు కార్చుకొనునది. ఆమె ఒడలిమీది గాయముకొరకు, తాను దుఃఖపెట్టిన దేవునికొరకు కార్చు కన్నీరు వేరు.

యోనాతాను చేసిన రాజీ

19వ అధ్యాయము మొదటి భాగమును జాగ్రత్తగా చదువుడి. యోనాతాను మంచివాడు. తండ్రితో మాటాడి, న్యాయము చెప్పి, ఒట్టు వేయించి, దావీదును చేయిపట్టి తెచ్చి మునుపటివలె తండ్రి సన్నిధిని నిలిపెను. మన పెద్దలు చేయు రాజీ అంతయు ఇందులో ఉన్నది. సద్భావమునకు లోటు లేదు. ఏమి జరిగెను? మరల యుద్ధము వచ్చెను, దావీదు గెలిచెను, సౌలు అసూయ మేల్కొనెను. ఈటె గోడలో గ్రుచ్చుకొనెను. దావీదు తప్పించుకొనెను గాని, ఒక బెత్తెడు తప్పిన యెడల యోనాతాను చేసిన రాజీ దావీదునకు సమాధి అయియుండును.

పెద్దలు పంచాయితీకి కూర్చుండునది తరచుగా ఎప్పుడు? మూడవ దశలో. అతడు ఏడ్చుచు నిలువబడియుండును. అప్పుడు మనము, చూడుము తల్లీ, అతడు ఒప్పుకొనుచున్నాడు, డెబ్బది ఏళ్ల మారులు క్షమింపుమని ప్రభువు చెప్పెను గదా, సర్దుకొని పొమ్మని పంపుదుము. ఇద్దరిచేత చేతులు కలిపించి ప్రార్థన చేసి, ఇల్లు నిలబెట్టితిమని సంతోషింతుము. నిజముగా ఆ దినమున ఈటెను మరల గోడకు ఆనించి, ఆమెను దాని యెదుట కూర్చుండబెట్టితిమి.

1995లో మైకేల్ జాన్సన్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు ఒక తేడాను చూపెను. కొన్ని ఇండ్లలో జగడము ముదిరి చేయి లేచును. అందులో ఒకరు మరియొకరిని ఏలవలెనను ఉద్దేశము ఉండకపోవచ్చును. కొన్నిసార్లు ఇరువురి తప్పును ఉండవచ్చును. మరికొన్ని ఇండ్లలో ఒకరు భయముచేత మరియొకరిని చెరలో పెట్టియుంతురు. కూలి డబ్బు లాగుకొనుట, సెల్‌ఫోను పరీక్షించుట, అమ్మగారింటికి పోనియ్యకుండుట, ఎవరితోను మాటాడనియ్యకుండుట జరుగును. మొదటి విధమైన ఇంటికి, దెబ్బలు నిలిచిపోయి ఇద్దరును భయము లేక మాటాడగలిగిన తరువాత, ఇద్దరినీ కూర్చుండబెట్టి బుద్ధి చెప్పుట కొంత పనికివచ్చును. రెండవ విధమైన ఇంటికి అది ప్రమాదము. భర్త యెదుట ఆమె నిజము చెప్పలేదు. చెప్పినయెడల ఆ రాత్రియే దానికి వెల చెల్లించును. కాబట్టి పెద్దలారా, ముందు ఆమెను ఒంటరిగా, మరియొక స్త్రీ సమక్షమున, నెమ్మదిగా వినుడి. అమ్మా, నీకు భయముగా ఉన్నదా అని అడుగుడి. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె ముఖమే జవాబు చెప్పును.

ఆమె ఎందుకు వెళ్లిపోదు?

అంత బాధ అయితే ఎందుకు ఉన్నది అని అనుట సులభము. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అను శాస్త్రజ్ఞులు కుక్కలమీద చేసిన పరీక్షను ప్రచురించిరి. ఏమి చేసినను తప్పించుకొనలేని విద్యుత్తు దెబ్బలు తిన్న కుక్కలను, తరువాత ఒక చిన్న అడ్డు దాటిన చాలును బాధ తప్పునట్టి పెట్టెలో పెట్టిరి. వాటిలో అనేకము దాటక, పడుకొని మూలిగెను. పోలిక స్త్రీలను తక్కువచేయుటకు కాదు. మనస్సు ఎట్లు విరుగునో తెలియుటకే. వాకర్ ఈ సిద్ధాంతమును దెబ్బలు తిన్న స్త్రీలకు అన్వయించెను. ఆ శాస్త్రజ్ఞుల తరువాతి పరీక్షలో మరియొక సంగతి కూడ ఉన్నది. అట్టి కుక్కలను మెడకు త్రాడు కట్టి అడ్డు దాటించి, మరల మరల దాటించిన తరువాత అవి తమంతట తామే దాటుట నేర్చుకొనెను. మంచి మాటలు చాలలేదు, ఎవరో పట్టి దాటించవలసివచ్చెను.

1988లో ఎడ్వర్డ్ గాండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ అను ఇరువురు పండితులు వాకర్ మాటను సరిదిద్దిరి. దెబ్బలు తిన్న స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వారు సహాయముకొరకు పలుమార్లు పలు తలుపులు తట్టిరి. తలుపులు తెరువనివారిదే లోపమని వారు చూపిరి. ఈ మాట విని సంఘమా, మనము సిగ్గుపడవలెను. ఆమె పుట్టింటికి పోయినది. చెల్లెలి పెండ్లి కావలెను, ఇప్పుడు రావద్దనిరి. కులపెద్దల యొద్దకు పోయినది, ఆడది ఓర్చుకొనవలెననిరి. చివరకు కాపరి ఇంటి గడప ఎక్కినది. ఇక్కడను సర్దుకొమ్మని చెప్పినయెడల ఆమె ఎక్కడికి పోవును? చంకలో బిడ్డ, చేతిలో డబ్బు లేదు, వెళ్లినయెడల చంపుదునని అతని బెదిరింపు. ఆమె ఉండుట తెలివితక్కువ కాదు. తెరువబడిన తలుపు కనబడకనే ఆమె ఉన్నది.

దావీదు ఈటెను తిరిగి పంపెను

క్షమింపుమని ప్రభువు చెప్పెను గదా అందురు. చెప్పెను. దావీదును చూడుడి. రెండు మారులు సౌలు ప్రాణము అతని చేత చిక్కెను. రెండు మారులు అతడు పగ తీర్చుకొనలేదు. ఇంతకంటె గొప్ప క్షమాపణ ఏది? అయితే సౌలు తిరిగి రమ్మని పిలిచినప్పుడు దావీదు ఏమి చేసెను? తాను తీసికొనిన ఈటెను తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనెను. కాని తాను దగ్గరకు పోలేదు, పనివారిలో ఒకడు వచ్చి తీసికొనిపోవలెనని చెప్పెను. ఆ దినమున దావీదు తన దారిని పోయెను, సౌలు తన చోటికి పోయెను. తరువాత దావీదు సౌలునకు అందని దేశమునకు వెళ్లెను. అది విని సౌలు వెదకుట మానెను. క్షమించిన దావీదును, దూరముగా ఉన్న దావీదును ఒక్కడే. క్షమించుట అనగా ఈటెకు అందునంత దూరమున మరల కూర్చుండుట కాదు.

భార్య లోబడవలెనని పేతురు వ్రాయలేదా అని కొందరు అడుగుదురు. వ్రాసెను. అదే అధ్యాయము 7వ వచనములో భర్తలతో ఏమనెను? భార్యను గౌరవింపనివాని ప్రార్థన అడ్డగింపబడునని హెచ్చరించెను. రాత్రి కొట్టి ఉదయము ప్రార్థించువాని ప్రార్థన కప్పు దాటదని దాని భావము. పౌలు తిమోతికి అధ్యక్షుల లక్షణములు చెప్పుచు, కొట్టువాడు సంఘమునకు అధ్యక్షుడు కారాదనెను. కాబట్టి ఇంట భార్యను కొట్టుచు, పెద్దయనిపించుకొని బల్లయొద్ద నిలువబడువాడు ముందు ఆ స్థానమునుండి దిగవలెను.

సంఘము చేయవలసినది

కొట్టు సహోదరుడా, నీకును ద్వారము మూయబడలేదు. దెబ్బ నేర్చుకొనినదైతే మానుకొనుటయు నేర్చుకొనవచ్చును. క్రీస్తు అందుకు బలమిచ్చును. జక్కయ్యవలె నిలువబడుము. అతడు ఏడ్చెనని లూకా వ్రాయలేదు. అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి ఇత్తునని అందరి యెదుట చెప్పెనని వ్రాసెను. నీవు కొట్టితివని, ఆమె కొట్టించుకొనలేదని, పెద్దల యెదుట ఒప్పుకొనుము. త్రాగుడు మానుటకు వైద్యుని యొద్దకు పొమ్ము. ఆమె విడిగా ఉన్నయెడల పిల్లల తిండికి, చదువునకు డబ్బు పంపుము. ఆమె తిరిగి రావలెనని షరతు పెట్టకుము, తొందరపెట్టకుము. ఫలము కాయుటకు చెట్టునకు కాలము పట్టును. పెద్దలు వారములు కాదు, నెలలు కనిపెట్టి చూడవలెను.

పెద్దలారా, సహోదరులమధ్య వ్యాజ్యము న్యాయస్థానమునకు పోరాదని పౌలు చెప్పెనని ఆమెను ఆపకుడి. కొరింథులో అతడు గద్దించినది అల్పమైన తగవులను గూర్చి. రక్తము కారుటను గూర్చి కాదు. అధికారులు కీడును అణచుటకు దేవుడు నియమించిన పరిచారకులని అతడే రోమీయులకు వ్రాసెను. తన ప్రాణమునకు అపాయము కలిగినప్పుడు అతడే గంపలో గోడ దిగెను, కైసరు న్యాయమును కోరుకొనెను. మన దేశములో గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చెను. దానినిబట్టి కొట్టరాదని ఆజ్ఞ పొందుటకును, కాపురమున్న ఇంటిలో నివసించుటకును, పోషణకు డబ్బు పొందుటకును ఆమె న్యాయస్థానమును కోరవచ్చును; ఆమెకు సహాయపడుటకు రక్షణాధికారులు ఉన్నారు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను ప్రకారము భార్యను క్రూరముగా హింసించు భర్తకు 3 సంవత్సరముల వరకు చెరసాల ఉన్నది. 181 అను ఫోను నంబరు స్త్రీల సహాయమునకు, 112 అత్యవసరమునకు పనిచేయుచున్నవి. ఈ రెండు నంబర్లు స్త్రీల సమాజములో ప్రతి సహోదరికి నోటికి రావలెను.

బైబిలు స్త్రీలారా, స్త్రీల సమాజపు తల్లులారా, మీకాలును జ్ఞాపకము చేసికొనుడి. తండ్రి ఇంటివారు తలుపునొద్ద కావలియుండగా ఆమె ఉపదేశము చేయలేదు, కిటికీగుండ దావీదును దింపెను. మీ వీధిలో అరుపు వినబడినప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి తలుపు తట్టుడి. ఒక రాత్రి పండుకొనుటకు చాప, బిడ్డకు పాలు, బస్సు చార్జీకి పైకము సిద్ధముగా ఉంచుడి.

దెబ్బలు తినుచున్న సహోదరీ, ఇది దేవుడు నీకు ఇచ్చిన సిలువ కాదు. క్రీస్తు సిలువ మోసినది లోకమును రక్షించుటకు. నీవు తిను దెబ్బ ఎవరిని రక్షించుట లేదు. నీ భర్తను పాపములో ముంచుచున్నది, నీ పిల్లలకు ఈటె విసరుట నేర్పుచున్నది. నీవు చెప్పుము. మేము నమ్ముదుము.

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, గుహలలో దావీదును కాచిన దేవుడవు నీవే. మూసిన తలుపుల వెనుక మా సహోదరీలు కార్చు కన్నీరు నీవు చూచుచున్నావు. వారికి తెరచిన తలుపుగా మా సంఘమును చేయుము. కొట్టు చేతులను విరుగగొట్టక, మార్చుము. రాజీకి తొందరపడు మా నాలుకలకు కాపు పెట్టుము. గడప చాటున నిలిచి చూచు బిడ్డలకు సమాధానముగల ఇల్లు దయచేయుము. ఎవరిమీదను చేయి ఎత్తక, తన చేతులనే మాకొరకు గాయపరచుకొనిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.